డెబ్బైయొక్క చదరపుటంగుళముల విజయము

వినుడు, శ్రోతలారా, చెవులు రిక్కించి వినుడు! రాజ్యముల కొఱకు పోరాడిన రాజుల గాథలు మీరు విన్నవారు. రత్నముల కొఱకు పోరాడిన వీరుల గాథలును విన్నవారు. ఇది ఒక స్తంభము కొఱకు జరిగిన మహాసంగ్రామము. స్తంభమును గెలుచుకొనుటకు కాదు సుమా, వదిలించుకొనుటకు!

నెలాఖరునకు ఇరువది దినములు మిగిలియున్న కాలమది. సకలవాణిజ్యలక్షణలక్షితమై, షట్టరుమండలమండితమై వెలయు నొక మహానగరమున, దుకాణపు అద్దెలు తలక్రిందులుగా తాండవమాడుచుండెను. ఏ రాజవీథిలో ఒక్క షట్టరు ఖాళీయైనచో పదుగురు వర్తకులు తెల్లవారకమునుపే వాకిట నిలిచెడివారో, ఆ రాజవీథిలోనే నేడు, నిలువెత్తు అద్దముల వెనుక బట్టలులేని బొమ్మలు ఎవరినో పిలుచుచున్నట్లు చేతులు చాచియుండగా, ‘అద్దెకు ఇవ్వబడును’ అను బోర్డులు ఓడిన సేనల ధ్వజములవలె వ్రేలాడుచుండెను. పెద్ద దుకాణములన్నియు చల్లగాలి వీచు మాలులోనికి వలసపోయెను. ఏ సందులలో పూర్వము కుక్కయైనను తోక ముడిచికొని నడువవలసివచ్చెడిదో, ఆ సందులలో అద్దెలు ఆకాశమునకు నిచ్చెనలు వేసికొనుచుండెను. ఏలయనిన, గుమ్మమున కస్టమరు కాలిడని, ముందు బోర్డైనను లేని, లోనుండి పొట్లములు మాత్రమే వెలువడు డెలివరీ గోదాములు వచ్చి, వరుసకు వరుస షట్టర్లను ఆపోశనము పట్టుచుండెను.

అట్టి సందులలో ఒకదానియందు, ఎనిమిదడుగుల వెడల్పును ఏడడుగుల లోతును గల కోటను ఇరువదిరెండు వత్సరములుగా ఏలుచున్న వీరనారి యొకతె కలదు. లోకము ఆమెను కుట్టువదిన యని పిలుచును. ఆమె కొత్తబట్టలు కుట్టదు. లోకము తప్పుగా కుట్టినదానిని సరిదిద్దును. బిగిసిన నడుములను వదులుచేయు దయామయి, వదులైన భుజములను బిగించు కఠినాత్మురాలు, భగ్నజిప్పుపునఃప్రతిష్ఠాపనధురంధర, సదా మెడలో కొలతటేపును హారముగా ధరించు టేపుకంఠి. ఆమె వ్రతమొక్కటే. పంట్లాము పొడవు తగ్గించినచో, కత్తిరించిన ఆ రెండు ముక్కలను కాగితములో చుట్టి కస్టమరు చేతిలో పెట్టును. “ఇవి నాకెందుకమ్మా?” అని వారు నవ్వినచో, “మీవి కాబట్టి,” అనును.

ఆమెకు కుడిభుజము ఆడపడుచు. గుండీలును కాజాలును ఆమె శాఖ గావున సందువారు ఆమెకు బొత్తాము అని పేరిడిరి. ఆ వనిత చేతిలోని సూదికంటె నోటిలోని మాటకు వాడి ఎక్కువ.

ఒకనాటి మధ్యాహ్నము, వదిన ఒక చలికోటునకు జిప్పు వేయుచుండగా, కోట యజమాని ఫోనుద్వారా పిడుగునొకదానిని విసరెను.

“ఏమీ అనుకోకండి వదినగారూ. డెలివరీ వాళ్ళు వరుసలో ఉన్న ఏడు షట్టర్లూ కలిపి తీసుకుంటామంటున్నారు. మిమ్మల్నొక్కరినీ ఉంచితే బోసినోట్లో ఒంటిపన్నులా ఉంటుందట. నెలాఖరుకి ఖాళీ చేసి పెట్టండి.”

“ఇరవై రెండేళ్ళండీ,” అని మాత్రము ఆమె పలికెను.

“అందుకేగా మీకు ముందు చెప్పింది! మిగతావాళ్ళకి రేపు చెప్తాను.”

ఫోను పెట్టివేసి, ఆమె ఆ జిప్పును తుదివరకు కుట్టెను. ముమ్మారు పైకి క్రిందికి లాగి చూచెను. జిప్పు చక్కగా నడచెను. ఆమె చేయి మాత్రము దానిని వదలలేదు.

“ఏంటి వదినా అలా అయిపోయావు? ఎవరు పోయారు?” అని బొత్తాము అడిగెను.

“మనమే పోవాలి. నెలాఖరుకి.”

అంతట ఆ ఇరువురు వీరనారులును దుకాణాన్వేషణమునకు దండు వెడలిరి. వారి నియమములు మూడు. పాత సందునకు రెండు మలుపులకంటె దూరము కారాదు. నడుము బిగిసినవాడు రెండు మలుపులు నడచును గాని, మూడవ మలుపు తిరుగడు, మరుసటి నెల చూతములే యనుకొనును. మేడమెట్లు ఉండరాదు. పగటి వెలుతురు లోనికి రావలెను. దీపము క్రింద దారపు రంగు అబద్ధమాడును.

తొమ్మిది దుకాణములు చూచిరి. ఒకచోట గోడలకు చెమటలు పోయుచుండెను. ఒకచోట యజమాని తలుపైనను తీయక, “బ్యాంకులకీ మందుల షాపులకీ తప్ప ఇవ్వమండీ,” అని కిటికీనుండి పలికి కిటికీని మూసెను. మాలులో నాలుగడుగుల చోటు చూపిన సుకుమారుడొకడు అద్దెయే గాక అమ్మకములలో వాటాయు కోరెను.

“మేం ఏమీ అమ్మం బాబూ. కుట్టి ఇస్తాం,” అనెను వదిన.

“అయితే కుట్టులో వాటా ఇవ్వండి.”

“సూదిలో ఇస్తాం. మొన వైపు తీసుకుంటావా?” అని బొత్తాము అడుగగా, ఆ సంధి ప్రయత్నము అంతటితో ముగిసెను.

పదియవది రెండవ మలుపులో, ఒక పాత మేడ క్రింద, వీథివైపు తెరచుకొను గది. మెట్లు లేవు. ఉదయపు వెలుగు నేరుగా వచ్చి నేలపై పడుచుండెను. గుమ్మములో కాలిడినంతనే వదిన తన మిషను ఎచ్చట నుండవలెనో కన్నులతోనే పెట్టుకొనెను. ఆ మీదట ఆ ఊహను తీసివేయుట ఆమె వశము కాలేదు.

ఆ గృహాధిపతి విశ్రాంత గణితోపాధ్యాయుడు. ముప్పదియాఱు వత్సరములు హెచ్చవేతలతో భాగహారములతో పసివారి నిద్రలు హరించిన ఉద్దండుడు. లెక్కల మాస్టారనిన ఆ వీథి నేటికిని నిటారుగా కూర్చుండును. ఆయన అద్దెకిచ్చు ఆ గదిని పూర్వము ఒక సెల్‌ఫోన్ల కంపెనీ తీసికొని, నాలుగు నెలలు రంగురంగుల దీపములు వెలిగించి, ఐదవ నెలలో చెప్పాపెట్టకుండ ఎగిరిపోయెను. నాటినుండి పదునాలుగు నెలలుగా గది ఖాళీ.

యుద్ధదినము రానే వచ్చెను. ఉదయము పదిగంటలకు షట్టరు గర్జించుచు పైకి లేచెను. ఒకవైపున వదినయు బొత్తామును. వేఱొకవైపున, చంకలో పత్రికల కత్తిరింపుల ఫైలుతో మాస్టారు. ఆయన ప్రక్కన అల్లుడు. ఆ అల్లుడు దుకాణములకు అద్దెలు కుదుర్చు సంస్థలో ఉద్యోగి. నలగని చొక్కా, నడుమున తోలుసంచి, సంచిలో లేజరు కొలతయంత్రము. ఆతని చొక్కాచేయి ముప్పావు అంగుళము పొడవెక్కువని వదిన చూడకుండ చూచెను. భయపడుచున్న వేళనైనను ఆమె కన్ను ఊరకుండదు.

మాస్టారు ఫైలు విప్పి మొదటి అస్త్రమును సంధించెను.

“మొన్న ఆదివారం పేపరు చూశారామ్మా? ‘లోపలి వీధుల్లో దుకాణాల అద్దెలు ఏడాదిలో పద్దెనిమిది శాతం పైకి.’ ఇదిగో గ్రాఫు. ఈ గీత ఎలా లేస్తోందో చూడండి!”

“గీత బాగానే లేస్తోంది మాస్టారూ,” అనెను బొత్తాము. “మీ షట్టరే పద్నాలుగు నెలల్నుంచి లేవలేదు.”

అల్లుడు దగ్గెను. మాస్టారి కనుబొమలు సమాంతరరేఖలయ్యెను. “అది సగటు తల్లీ! సగటు అంటే ఏంటో తెలుసా?”

బొత్తామును మోచేతితో వెనుకకు నెట్టి, వదిన ముందుకు వచ్చెను.

“తెలుసు మాస్టారూ. కానీ ఇరవై రెండేళ్ళలో సగటు మనిషి ఒక్కసారి కూడా నా దగ్గరికి రాలేదు. ఒకడు లావుగా వస్తాడు, ఒకడు సన్నగా వస్తాడు. వచ్చినవాడి నడుమే కొలవాలి. మీరు పేపరు గది కాకుండా ఈ గది సంగతి చెప్పండి.”

మాస్టారు ఫైలు మూసి ఆమెను చూచెను. మంచి ప్రశ్న వేసిన విద్యార్థిని చూచు చూపది. “సరే,” అనెను. “పక్కన సెలూన్ అతను అడుగుకి ఎంత కడుతున్నాడో మీకూ అంతే. ఒక్క పైసా ఎక్కువొద్దు, తక్కువొద్దు. సరేనా?”

సెలూనువాని రేటు వదిన ముందుగనే కనుగొనియుండెను. మనసులో మిషను మరల తన స్థానమునకు వచ్చి నిలిచెను. “సరే మాస్టారూ.”

“అల్లుడూ, కొలువు.”

అంతట అల్లుడు తోలుసంచినుండి ఆ దివ్యాయుధమును వెలికితీసెను. మీట నొక్కినంతనే రక్తవర్ణకిరణ మొకటి దూసికొనిపోయి ఎదుటి గోడను తాకెను. యంత్రము కీచుమనెను. “పన్నెండు అడుగులు.” మఱియొక గోడ. మఱియొక కీచు. “పది. మొత్తం నూట ఇరవై చదరపు అడుగులు మామయ్యా.”

ఆ క్షణముననే వదిన దానిని చూచెను. అంతకుముందును చూచెను గాని, అద్దె చెల్లించు దృష్టితో చూడలేదు. గది నట్టనడుమ, నేలనుండి కప్పువరకు, పైన రెండంతస్తుల భారమును మోయుచు, నిగనిగలాడు నూనెరంగు పూసికొని, తిని కూర్చున్న మల్లునివలె బలిసియున్న గుండ్రని స్తంభము!

“బాబూ, ఆ నూట ఇరవైలో ఇది ఉందా?”

“ఏది మేడమ్?”

“ఇదే.”

“ఉంది. గదిలోదేగా.”

“నేను దీన్లో నిలబడగలనా?”

“దీన్లో ఎలా నిలబడతారండీ?”

“మిషను పెట్టుకోగలనా?”

“లేదు...”

“మరి దీనికి అద్దె నేనెందుకు కట్టాలి?”

అల్లుడు చిఱునవ్వు నవ్వెను. సభలలో సమావేశములలో ఆరితేరిన చిఱునవ్వది. “మార్కెట్లో ఎక్కడా స్తంభాలు తీసెయ్యరండీ. సూపర్ బిల్టప్ ఏరియా అంటారు. గోడలు, స్తంభాలు, మెట్లు, అన్నీ కలిపే లెక్క.”

“బిల్డప్పులు నాకొద్దు బాబూ. ఖాళీ ఎంతో చెప్పు.”

బొత్తాము వదిన కొంగు లాగి చెవిలో గుసగుసలాడెను. సూదివంటి ఆ నోటినుండి అంత మెత్తని మాట వెలువడుట అదియే మొదలు. “వదినా, ఊరుకో. ఎంతుంటుంది, రెండడుగులు. దానికి కట్టేదాంతో నాలుగు దారపు రీళ్ళు కూడా రావు. ఇంక పదకొండు రోజులే ఉంది.”

వదినకు తెలియదా? ఆ పదునొకండు దినములను ఆమె వ్రేళ్ళపై లెక్కించుకొనుచునే నిద్రలేచుచుండెను. మిషను కాలిబాటపై, దానిపై పాత దుప్పటి, వర్షము వచ్చునేమో యను చూపు. ఇదంతయు ఆమె కనులముందు ఒక్క లిప్తలో తిరిగెను. సరే యనుటకు నోరు తెరచెను. తెరచిన నోటినుండి వేఱొక మాట వెలువడెను. అట్లు వెలువడుటయే వీరత్వమని కొందఱందురు. తెలివితక్కువతనమని పెక్కుమంది యందురు.

“మాస్టారూ, నా దగ్గర పంట్లాం పొట్టి చేయించుకున్నవాళ్ళకి కోసిన ముక్క తిరిగి ఇస్తాను. ఎవరూ అడగరు. మలుపు తిరగ్గానే పారేస్తారని కూడా నాకు తెలుసు. అయినా ఇస్తాను. ఎవరిది వాళ్ళ లెక్కలో ఉంటే నాకు రాత్రి నిద్రపడుతుంది. ఇప్పుడు మీ స్తంభాన్ని నా లెక్కలో వేశారనుకోండి, రోజూ దాన్ని చూసి చూసి కడుపు మంట పెంచుకుంటాను. పాపం, అదేం చేసింది? మీ మేడని మోస్తోంది. దాని అద్దె మేడ కట్టాలి గానీ నేనెందుకు కడతాను?”

వీథిలో ఎవడో మోటారుసైకిలును తన్ని తన్ని లేపుచుండెను.

మాస్టారు స్తంభమువైపు తిరిగి, దానిని మొదటిసారి చూచుచున్నట్లు చూచెను. “ఇదెంత స్థలం తింటోందో అసలు ఎవరైనా లెక్కకట్టారా? అల్లుడూ, కొలువు.”

అల్లుడు గురిపెట్టెను. కీచు. “ఒక అడుగు ఎనిమిది అంగుళాలు.” మరల గురిపెట్టెను. కిరణము నునుపైన నూనెరంగుపై జారి, స్తంభమును ఒరసికొనిపోయి, వెనుక గోడను తాకెను. కీచు. “పన్నెండు అడుగులు... కాదు కాదు.” మూడవమారు యంత్రము కీచుమనుటయు మానెను. “గుండ్రంగా ఉంది మామయ్యా. కిరణం నిలబడట్లేదు.”

అపుడు కదా, శ్రోతలారా, టేపుకంఠి తన కంఠహారమును చేతికి తీసికొనెను! ఎన్ని నడుములు, ఎన్ని ఛాతీలు, ఎన్ని అబద్ధపు పొట్టలు ఆ టేపు ముందు తలవంచినవో! వదిన ముందుకు నడచి, స్తంభమును రెండు చేతులతో కౌగిలించి, టేపును దాని నడుము చుట్టు త్రిప్పి, అలవాటు చొప్పున, “ఊపిరి వదిలెయ్యండి,” అనెను. స్తంభము వదలెనో లేదో గాని, మాస్టారు మాత్రము ఊపిరి బిగపట్టెను.

అయ్యో! టేపు చాలలేదు. దర్జీటేపు అరువది అంగుళములు. స్తంభపు నడుము దానిని మించిపోయెను. రెండు కొనల నడుమ రెండు బెత్తెల వెడల్పున ఎడము తెరచుకొని వెక్కిరించుచుండెను. అల్లుని పెదవులపై చిఱునవ్వు మరల మొలకెత్తెను. వదిన తొట్రుపడలేదు. జేబులోని సుద్దముక్కతో టేపు కొసయొద్ద సన్నని గీత గీసి, అచ్చటినుండి మిగిలిన దూరమును మరల కొలిచెను. ఆఱు.

“అరవై ఆరు,” అనెను.

బొత్తాము చీటీపై వ్రాసికొనెను. “నడుము అరవై ఆరు. ఛాతీ?”

“అంతా నడుమే.”

“అరవై ఆరా?” మాస్టారు ముందుకు ఉఱికెను. “సరిగ్గా అరవై ఆరా? మళ్ళీ కొలవండి!”

మరల కొలిచెను. అరువదియాఱే. వెంట్రుకవాసి ఎక్కువ లేదు, తక్కువ లేదు.

అంతట ఆ వృద్ధోపాధ్యాయుని ముఖమున కలిగిన ప్రకాశమును ఏమని వర్ణింతును! ఆయన చెవిపైనున్న పెన్సిలును దూసి, ఫైలులోనుండి పద్దెనిమిది శాతపు గ్రాఫును లాగి, దానిని బోర్లించి, వెనుకనున్న ప్రకటనలోని తెల్లదనముపై అంకెలవర్షము కురిపించెను. “ఇరవై రెండు మూళ్ళు అరవై ఆరు! చుట్టుకొలత అరవై ఆరైతే అడ్డుకొలత ఇరవై ఒకటి. అందులో సగం పదిన్నర. పదిన్నర పదిన్నరలు, ఇరవై రెండుతో హెచ్చించి ఏడుతో భాగిస్తే... మూడువందల నలభై ఆరున్నర చదరపు అంగుళాలు! అమ్మా, పాఠ్యపుస్తకంలో తప్ప బయట ఇంత బుద్ధిగా వచ్చిన స్తంభాన్ని నేను చూడలేదు. ముప్పై ఏళ్ళుగా నా ఇంట్లోనే ఉంది, నాకు తెలీదు!”

విజయలక్ష్మి వదినవైపు ఒక అడుగు వేసెను. ఆ అడుగు నేలను తాకకమునుపే అల్లుని ఫోను మ్రోగెను. ఆతడు గుమ్మమువఱకు పోయి మాటలాడి, ముఖము వెలుగ తిరిగివచ్చెను.

“మామయ్యా, కేకుల కంపెనీ వాళ్ళు. నూట ఇరవై అడుగులకీ స్తంభంతో సహా ఇప్పుడే ఖాయం చేస్తారట. కొలతలు కూడా అక్కర్లేదంటున్నారు. కావాలంటే నూట ముప్పై అని రాసుకోమన్నారు!”

బొత్తాము కన్నులు మూసికొనెను. వదిన టేపును నెమ్మదిగా చుట్టుకొనసాగెను. మనసులో నిలిపిన మిషనును మరల ఎత్తుకొనవలెనా యని చేతులు బరువెక్కెను. నోరు మూసికొనియున్న బాగుండెడిది గదా యని ఆమె అనుకొనినమాట నిజము. వీరులును అట్లనుకొందురు; గాథలలో ఆ భాగమును ఎవరును పాడరు.

“కొలవకుండానా?” అని మాస్టారు అడిగెను.

“కొలవకుండానే మామయ్యా!”

“సెల్‌ఫోన్ల వాళ్ళు కూడా కొలవలేదు. లెక్క చూడకుండా వచ్చినవాడు లెక్కలేకుండా పోయాడు. వద్దని చెప్పు.”

“మామయ్యా, మార్కెట్ ఎలా ఉందో...”

“నూట ఇరవైని నూట ముప్పై అని రాసుకోమన్నవాడు నా క్లాసులో ఉంటే బెంచీ ఎక్కించేవాణ్ణి. వద్దన్నానని చెప్పు.”

అల్లుడు ఫోనుతో మరల గుమ్మమువైపు నడచెను. పొడవైన ఆ చొక్కాచేయి వ్రేళ్ళవఱకు జారెను. వదినకు ఆతనిపై ఒకింత జాలి కలిగెను.

అయినను యుద్ధము ముగియలేదు. మాస్టారు పెన్సిలు మొన నాలుకపై తడిచేసికొని, “అయితే అమ్మా, లెక్కంటే లెక్కే,” అనెను. “మీవైపు తీసినప్పుడు, నావైపు మర్చిపోయింది కలపాలి. ఇటు రండి.”

షట్టరు ప్రక్కన, కరెంటు మీటరు క్రింద, గోడలోనికి తొలిచిన గూడొకటి చీకటిలో దాగియుండెను. లేజరుకిరణము దానిని దాటిపోయెనే గాని లోనికి తొంగిచూడలేదు.

“ఇది నూట ఇరవైలో లేదు. మీరు అడిగినట్టే నేనూ అడుగుతాను. దీన్లో నిలబడగలరా?”

“నిలబడలేను.”

“ఏమైనా పెట్టుకోగలరా?”

లేదనుటకు ఒక్క మాట చాలును. వదిన వంగి చూచెను. నేలవఱకు ఉన్నది, పొడిగా ఉన్నది, ప్రక్కనే ప్లగ్గు. “ఇస్త్రీపెట్టె పెట్టుకోవచ్చు,” అని నిజము పలికెను. వెనుక బొత్తాము తలకొట్టుకొనిన చప్పుడు స్పష్టముగా వినవచ్చెను.

టేపు మరల విప్పుకొనెను. వెడల్పు పందొమ్మిది. లోతు పదునాలుగున్నర. పదునాలుగు అని చదివినచో అడుగువారు లేరు. మాస్టారి కళ్ళజోడునకు ఆ చీకటిలో అంకెలు కనబడవు. నోరు “పద్నాలుగు” వఱకు వచ్చి, ఒక్క క్షణము ఆగి, “న్నర” అని ముగించెను.

పెన్సిలు పరుగిడెను. గూడు రెండువందల డెబ్బైయైదున్నర. స్తంభమునుండి దానిని తీసివేయగా, వదిన గెలిచిన నికరభూభాగము డెబ్బైయొక్క చదరపుటంగుళములు.

“ఇంతా చేసి అర అడుగా!” అని అల్లుడు వాపోయెను.

“అర అడుగు కాదు,” అని మాస్టారు గద్దించెను. “అర చదరపు అడుగంటే డెబ్బై రెండు. ఇది ఒకటి తక్కువ. అమ్మా, అగ్రిమెంటులో నూట పంతొమ్మిది అడుగుల డెబ్బై మూడు అంగుళాలు అని రాస్తున్నాను. ఇంకో మాట. స్తంభం మీ లెక్కలోంచి పోయింది కాబట్టి అది నాది. దానికి మేకు కొట్టడం, అద్దం తగిలించడం, బోర్డు వేలాడదియ్యడం కుదరదు.”

“మరి అద్దం ఎక్కడ పెట్టుకుంటాం?” అని బొత్తాము ఆక్రోశించెను.

“గోడకి పెట్టుకుందాం,” అనెను వదిన. “ఎవరిది వాళ్ళకే ఉండనీ.”

ఒకటవ తేదీన మిషను దాని చోటికి వచ్చెను. ఇస్త్రీపెట్టె గూటిలో కుదురుకొనెను. నడుములు బిగిసినవారు ఒక మలుపు, రెండవ మలుపు నడచి వచ్చిరి. మొదటివారమున వదిన మిషను చక్రముపై చేయి పెట్టినపుడెల్ల, ఇది కలగాదు గదా యని ఒకసారి వీథివైపు చూచుకొనుచుండెను.

నాల్గవనాడు ఉదయమున మాస్టారు పత్రికతో ఏతెంచెను. “స్తంభాన్ని చూసుకుందామని,” అనెను. తన ఆస్తిని అరచేతితో తట్టి, దానికి వీపు ఆనించి నిలిచి, పత్రిక విప్పెను. చదువుచు చదువుచు పదకొండువఱకు నిలిచెను. మఱునాడును వచ్చెను. పది దినములు గడచుసరికి కస్టమర్లు ఆయనకును నమస్కరించి లోనికి రాసాగిరి. ముప్పదియాఱు వత్సరములు నలువదిమందికి ఎదుట నిలిచిన మనుష్యునకు, ఇంటిలో గోడల ఎదుట కూర్చుండుట ఎట్లుండునో వదిన ఎన్నడు అడుగలేదు. ఆయన రాని ఉదయమున మాత్రము గుమ్మమువైపు ఒకటికి రెండుసార్లు చూచెను.

కాని బొత్తాము ఊరకుండునా? ఒకనాడు దారమును పంటితో త్రెంచి, “మాస్టారూ, స్తంభం మీదే, ఒప్పుకున్నాం. మీ కాళ్ళు మాత్రం మా వైపున్నాయి,” అనెను.

మాస్టారు క్రిందికి చూచుకొనెను. చెవులు ఎఱ్ఱబడెను. పత్రిక మడిచి, ఇంటిలోనికి పోయెను.

“నీ నోటికి కాజా కుట్టెయ్యాలి!” అని వదిన మండిపడెను. “పెద్దాయన. ఎంత బాధపడ్డారో!”

“నవ్వుతారనుకున్నా వదినా,” అని బొత్తాము నీరసముగా పలికెను.

పావుగంట గడచెను. మాస్టారు తిరిగివచ్చెను. చేతిలో గళ్ళకాగితము, ఒక్కొక్క గడి ఒక్కొక్క అంగుళము. దానిని స్తంభము మొదలున పఱచి, చెప్పులతో దానిపై నిలిచి, “గియ్యమ్మా, చుట్టూ గియ్యి,” అని బొత్తామును ఆజ్ఞాపించెను. ఆమె మోకాళ్ళపై కూర్చుండి పెన్సిలు త్రిప్పెను. పిదప ఆయన వంగి, సగముకంటె ఎక్కువ నిండిన గడిని ఒకటిగా, తక్కువ నిండినదానిని సున్నగా ఎంచుచు, పిల్లలకు నేర్పినట్లు పైకి లెక్కించెను. కుడిపాదము ముప్పదియైదు. ఎడమపాదము ముప్పదియైదు.

“డెబ్బై చదరపు అంగుళాలు నేను ఆక్రమించాను,” అని ఆయన గంభీరముగా ప్రకటించెను. “తప్పు నాది. ఇంతవరకూ పన్నెండు రోజులు. అగ్రిమెంటు దిద్దిస్తాను.”

వదిన మిషను ఆపెను.

“దిద్దొద్దు మాస్టారూ. ఆ డెబ్బై నా చోటేగా? దాన్ని మీకు నేను అద్దెకిస్తున్నాను.”

“అద్దెకా?” మాస్టారు కళ్ళజోడు సవరించుకొనెను. “ఎంత?”

“రోజూ పేపరు పైకి చదవాలి. మా చేతులూ కళ్ళూ పనిలో ఉంటాయి. చెవులే ఖాళీగా పడున్నాయి.”

“అద్దెల వార్తలు మాత్రం వద్దు!” అనెను బొత్తాము.

మాస్టారు గళ్ళకాగితమును నాలుగుమడతలు పెట్టి జేబులో వేసికొనెను. “ఏడాదికోసారి పెంచుతారా?”

“మార్కెట్టు చూసి చెప్తాను,” అని వదిన ముఖము బిగపట్టి పలికెను. “ఆటల పేజీ కూడా కలపాల్సి రావచ్చు.”

“పద్దెనిమిది శాతం దాటకూడదు,” అని మాస్టారు ఖండితముగా చెప్పి, అద్దెకు తీసికొనిన చోట పాదములు సరిగా మోపి, స్తంభమునకు వీపు ఆనించి, గొంతు సవరించుకొని, మొదటి పేజీ పై వరుసనుండి చదువ మొదలిడెను. వదిన కాలు మిషను పెడలును తొక్కెను. బొత్తాము సూదిలో దారమెక్కించెను.

ఇట్లు, శ్రోతలారా, గోదాములు సందులను మ్రింగుచుండగా, రాజవీథులు బోసిపోవుచుండగా, గ్రాఫులలో గీతలు పైకి ఎగబ్రాకుచుండగా, టేపుకంఠియైన కుట్టువదిన డెబ్బైయొక్క చదరపుటంగుళములను ధర్మయుద్ధమున గెలిచి, అందు డెబ్బైయింటిని అద్దెకిచ్చి, యజమానురాలై, మిగిలిన ఒక్క చదరపుటంగుళమును సర్వస్వతంత్రముగా ఏలుకొనుచున్నది. జయము, జయము! ఆ రాజ్యమున నాలుగు చొక్కాగుండీలు పట్టును. బొత్తాము పెట్టి చూచినది. ఐదవది పట్టదు.